కొత్తవాళ్ళ కోసం: గాలం రీల్‌కి నూనె ఎక్కడ, గ్రీజు ఎక్కడ, లైన్ ఎందుకు మెలి తిరుగుతుంది?

కొత్తగాలం_ఉప్పల్

అందరికీ నమస్తే. నా సెటప్: 3000 సైజు స్పిన్నింగ్ రీల్, గేర్ 5.2:1, ఏడడుగుల మీడియం హెవీ రాడ్, పీఈ 3 మందం బ్రెయిడ్ (అల్లిన లైన్) 150 మీటర్లు, చివర కప్ప లూర్ (కప్ప ఆకారపు ఉత్తుత్తి ఎర). కొర్రమీను కోసం. సమస్యలు మూడు.

ఒకటి, విసిరినప్పుడు లైన్ చుట్లు చుట్లుగా లేచి మొదటి గైడ్ (రాడ్ మీది రింగు) దగ్గర ముడిపడుతోంది. లైన్ స్పూల్ అంచు దాకా నిండుగా ఉంది. రెండు, డ్రాగ్ (లైన్ జారే బిగువు) నాబ్ పూర్తిగా బిగించినా గట్టిగా లాగితే లైన్ వచ్చేస్తోంది, డ్రాగ్ టిక్‌టిక్ మాత్రం వినపడటం లేదు. మూడు, హ్యాండిల్ తిప్పుతుంటే లోపల ఇసుక పడ్డట్టు గరగర.

నెట్‌లో చూస్తే అన్నీ అమెరికాలో బాస్ అనే చేపని పట్టే వీడియోలే. ఒకాయన అంతటా గ్రీజు పెట్టమంటాడు, ఇంకొకాయన అసలు ముట్టుకోవద్దంటాడు. షాపులో అడిగితే కిరోసిన్‌లో ముంచి తీయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రీల్‌బెంచ్

కిరోసిన్‌లో ముంచకండి. ఎందుకో కింద చెబుతాను. ముందు రెండో సమస్య చూద్దాం, దానికి రీల్ విప్పే పని లేదు.

డ్రాగ్ చప్పుడు లేకుండా లైన్ వస్తోందంటే తప్పు డ్రాగ్ వాషర్లది కాదు. స్పూల్ కదలడం లేదు, దాని మీది లైన్ మొత్తం ఒకే ముద్దగా జారి తిరుగుతోంది. బ్రెయిడ్ నున్నటి పాలిథిలీన్ పోగులతో అల్లినది. ముడి ఎంత గట్టిగా వేసినా లోహపు స్పూల్ మీద దానికి పట్టు దొరకదు. పరీక్ష ఇలా చేయండి: పర్మనెంట్ మార్కర్‌తో స్పూల్ అంచు మీద ఒక చుక్క, దానికి ఎదురుగా లైన్ మీద ఇంకో చుక్క పెట్టండి. డ్రాగ్ బిగించి, లైన్ కొసని ఒక కర్రముక్కకి చుట్టి లాగండి. ఉత్త చేతికి చుట్టుకుంటే బ్రెయిడ్ కోసేస్తుంది. రెండు చుక్కలూ ఎడమైతే అనుమానమే అక్కర్లేదు.

బ్రెయిడ్ అంతా తీసేసి అడుగున మోనో (ఒంటి పోగు నైలాన్ లైన్) చుట్టడమే దీనికి మందు. ఎంత చుట్టాలో లెక్క ఉంది. స్పూల్ మీద 0.30 మి.మీ. – 150 మీ. అని రాసి ఉందనుకుందాం. పీఈ 3 వ్యాసం 0.285 మి.మీ. లైన్ పట్టే చోటు వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది: 0.285 వర్గం 0.081, 0.30 వర్గం 0.09. అంటే 100 మీటర్ల పీఈ 3, సుమారు 90 మీటర్ల 0.30 మోనో చోటు తింటుంది. మిగిలిన 60 మీటర్ల చోటులో మోనో చుట్టి, దాని మీద 100 మీటర్ల బ్రెయిడ్ ఎక్కించండి. చెరువులో కప్ప లూర్‌కి 100 మీటర్లు ఎక్కువే. తీసిన 50 మీటర్లు దాచుకోండి.

మోనో తెచ్చుకునే ఓపిక లేకపోతే స్పూల్ మొదలు మీద ఎలక్ట్రికల్ టేపు ఒక్క చుట్టు వేసి దానిమీద బ్రెయిడ్ కట్టినా పట్టు వస్తుంది. కానీ వేసవిలో కారులో రీల్ ఉంటే టేపు జిగురు కరిగి లైన్‌కి అంటుతుంది. నా ఓటు మోనోకే.

చెరువుగట్టు_సంగారెడ్డి

తమ్ముడూ, లెక్క ఎంత పక్కాగా చేసినా చివరికి కండ్లతోటే చూసుకోవాలె. తక్కువ ధర బ్రెయిడ్‌లు లేబుల్ మీద రాసినదాని కన్నా లావుగ ఉంటయి. నీ స్పూల్ అంచు దాకా నిండింది అంటున్నవంటే అదే అయ్యుంటది, లేకుంటే వదులుగ చుట్టి ఉంటరు. లైన్ అంచుకు 2 మి.మీ. కిందనే ఆగాలె. అంతకన్నా నింపితే విసిరినప్పుడు ఒక్కటేసారి నాలుగైదు చుట్లు లేస్తయి. మరీ తగ్గిస్తే, అంటే 5 మి.మీ. కిందికి పోతే, లైన్ అంచుకు రాసుకుని దూరం పోదు.

ఇంట్ల స్పేర్ స్పూల్ ఉంటే లెక్కే అక్కర్లేదు. ముందు ఖాళీ స్పూల్ మీద బ్రెయిడ్ చుట్టు, దానిమీద మోనో కట్టి అంచుకు 2 మి.మీ. కింద దాక నింపు. తర్వాత అంతా ఇంకో స్పూల్‌కు ఎక్కిస్తే మోనో అడుగుకు పోతది, బ్రెయిడ్ పైకొస్తది, కొలత అచ్చంగ కుదురుతది.

ఇగ ముడి పడుడు సంగతి. కారణం నిండుడు ఒక్కటే కాదు.

బెయిల్ తీగను (స్పూల్ మీద తెరిచి మూసే వంపు తీగ) హ్యాండిల్ తిప్పి మూయకు, చేత్తోటి మూయి. మూసినంక లైన్‌ను ఒక్కసారి మెల్లగ లాగు, అప్పుడది లైన్ రోలర్ మీద సరిగ్గ కూసుంటది. హ్యాండిల్‌తోటి మూస్తే స్పూల్ మీద ఒక వదులు చుట్టు మిగులుతది, దానిమీద మిగతావి పడతయి. మూడో నాలుగో విసురుకు ఆ వదులు చుట్టే ముడై వస్తది.

ఇంకోటి, చేప లైన్ గుంజుకపోతున్నప్పుడు హ్యాండిల్ తిప్పకు. డ్రాగ్ జారుతుంటే నువ్వు ఎంత తిప్పినా లైన్ లోపలికి రాదు, మెలికలు మాత్రం ఎక్కుతయి. 5.2:1 గేర్ అంటే హ్యాండిల్ ఒక్క చుట్టుకు రోటర్ (స్పూల్ చుట్టు తిరిగే భాగం) ఐదు చుట్లు, లైన్ మీద ఐదు మెలికలు. పదిసార్లు తిప్పితే యాభై.

కొర్రమట్ట_కూకట్‌పల్లి

చెరువుగట్టు గారు చెప్పినవాటికి ముందే చూడాల్సింది ఒకటుందండీ. లైన్ రోలర్. బెయిల్ తీగ చివర లైన్ మలుపు తిరిగే చోట ఉండే చిన్న గిలక. రీల్ మొత్తంలో ఎక్కువ పని చేసేదీ, మనం తక్కువ చూసేదీ అదే. దుమ్ము, ఎండిపోయిన నాచు పట్టి అది తిరగడం మానేస్తే లైన్ దానిమీద రుద్దుకుంటూ పోతుంది. మెలిక పెరుగుతుంది, బ్రెయిడ్ నూగు లేస్తుంది, కొన్నాళ్ళకి రోలర్ మీద గాడి పడుతుంది.

వేలితో తిప్పి బాగానే ఉందనుకోకండి. రోలర్ మీద మార్కర్‌తో చుక్క పెట్టి, లైన్ కొసకి 200 గ్రాముల బరువు కట్టి, మెల్లగా చుట్టండి. చుక్క తిరుగుతూ కనపడాలి. ఉన్నచోటే ఉంటే రోలర్ పట్టేసినట్టే. స్క్రూ ఒక్కటే ఉంటుంది. విప్పేటప్పుడు కింద తెల్ల గుడ్డ పరచండి, లోపల గోరంత కూడా లేని ప్లాస్టిక్ బుషింగో బేరింగో, సన్న వాషర్లో ఉంటాయి. ఏది ఏ వైపు ఉందో ఫోను పెట్టి ఫొటో తీసుకోండి. ఇయర్ బడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి తుడిచి, ఒక్క చుక్క పల్చటి నూనె వేసి, అదే వరసలో బిగించండి. గ్రీజు వద్దు. గ్రీజు దుమ్ముని పట్టుకుంటుంది, తేలిక లూర్ వాడినప్పుడు రోలర్‌ని తిరగనివ్వదు.

కొత్తగాలం_ఉప్పల్

చుక్క కదలడం లేదు. విప్పితే లోపల ఆకుపచ్చ మట్టిలాంటిది. శుభ్రం చేశాక తిరుగుతోంది. ఇప్పటికే ఎక్కిన మెలికల్ని ఎలా తీయాలి? పడవ వెనక లైన్ వదిలి లాగమని వీడియోలో చెప్పారు, పడవ లేదు.

చెరువుగట్టు_సంగారెడ్డి

పడవ అక్కర్లే. పొద్దుగాల ఖాళీ గ్రౌండ్‌కు పో, గడ్డి ఉన్నదైతే మంచిది. లూర్, స్నాప్, స్వివెల్ అన్నీ తీసెయ్. ఉత్త లైన్ కొసను ఒక పుల్లకు కట్టి 70 మీటర్లు నడుచుకుంట వదులు. అప్పుడు పుల్ల దగ్గర విప్పెయ్, కొస స్వేచ్ఛగ ఉండాలె. తడి స్పాంజితోటి లైన్‌ను రీల్ ముందట మెత్తగ పట్టుకుని చుట్టుకుంట రా. మెలికలు కొస దిక్కు నెట్టుకపోయి విడిపోతయి. రెండుసార్లు చేస్తే చాలు. సిమెంటు రోడ్డు మీద చేయకు, బ్రెయిడ్ గీరుకపోతది.

చుట్టేటప్పుడు స్పాంజి పట్టు సమానంగ ఉండాలె. బొటనవేలితోటి స్పూల్ మీది లైన్‌ను నొక్కి చూడు. మెత్తగ లోపలికి పోతే వదులు చుట్టినట్టు. అట్ల ఉంటే పెద్ద చేప పడ్డప్పుడు పై లైన్ కింది చుట్ల నడుమ దిగబడి, మళ్ళ విసిరినప్పుడు ఆడనే టక్కున ఆగుతది.

రీల్‌బెంచ్

ఇక మూడోది, గరగర. విప్పే ముందు శబ్దం ఎక్కడిదో వినాలి. స్పూల్ తీసేసి హ్యాండిల్ తిప్పండి. శబ్దం పోతే అది స్పూల్ కింది క్లిక్ పలకదో వాషర్‌దో. పోకపోతే లెక్కపెట్టండి: హ్యాండిల్ ఒక్క చుట్టుకి శబ్దం ఒక్కసారే వస్తే పెద్ద గేర్‌లోనో హ్యాండిల్ పక్క బేరింగ్‌లోనో ఉంది. ఐదుసార్లు వస్తే పినియన్ (చిన్న గేర్), దాని బేరింగ్, రోటర్ వైపు. ఎడతెగకుండా గరగరమంటే బేరింగ్‌లో మట్టి. స్పూల్ పైకీ కిందికీ వెళ్ళే ఒక కొస దగ్గరే వస్తే, దాన్ని నడిపే జారుడు ముక్కలో పాత గ్రీజు గట్టిపడింది.

బేగంపేట_బెయిట్‌కాస్ట్

కిరోసిన్ గురించి నాది వేరే అభిప్రాయం. ఇత్తడి గేర్, స్టీలు షాఫ్ట్ మీద గట్టిపడిన గ్రీజుని అంత చవకగా కరిగించేది ఇంకోటి లేదు. బయటికి తీసిన లోహపు భాగాలకి వాడితే తప్పేముంది?

రీల్‌బెంచ్

బయటికి తీసిన లోహపు భాగాలకైతే నాకూ అభ్యంతరం లేదు. కడిగాక ఆల్కహాల్‌తో ఒకసారి తుడవాలి. కిరోసిన్ సన్నటి జిడ్డు పొర వదులుతుంది, దానిమీద కొత్త గ్రీజు సరిగా పట్టదు. నేను వద్దంటున్నది రీల్‌ని మొత్తంగా ముంచడం. అలా చేస్తే గేర్ల మీది గ్రీజు, అందులోని ఇసుకతో సహా కరిగి బేరింగుల్లోకీ, వన్‌వే క్లచ్‌లోకీ వెళుతుంది. క్లచ్‌లోకి జిడ్డు వెళ్ళిన రీల్‌కి హ్యాండిల్ వెనక్కి తిరగడం మొదలవుతుంది. హుక్ గుచ్చుదామని రాడ్ ఎత్తగానే హ్యాండిల్ వెనక్కి జారి చేప పోతుంది. అసిటోన్ ఇంకా ప్రమాదం, ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. డబ్ల్యూడీ-40 మామూలు డబ్బా తుప్పు వదిలించడానికి పనికొస్తుంది, గ్రీజుకి బదులు కాదు, ఉన్న గ్రీజుని పల్చబరిచి కారిపోయేలా చేస్తుంది.

కొబ్బరి నూనె వేసిన రీళ్ళు కూడా నా రిపేరు బెంచి మీదికి వస్తుంటాయి. అది సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, డిసెంబరు పొద్దున్నే హైదరాబాద్‌లో సీసాలో చూస్తూనే ఉంటాం. రీల్‌లోనూ అంతే గడ్డకట్టి, తర్వాత బంకగా మారుతుంది. చేతిలో ఏదీ లేకపోతే కుట్టు మెషిన్ నూనె వాడండి. పల్చటి మినరల్ నూనె, హ్యాండిల్ నాబ్‌కీ లైన్ రోలర్‌కీ బాగానే పనిచేస్తుంది.

ఏది ఎక్కడంటే: పళ్ళు పళ్ళు ఒరుసుకునే చోట గ్రీజు, వేగంగా తిరిగే చోట నూనె. పెద్ద గేర్ పళ్ళకి సన్న బ్రష్‌తో పల్చటి పూత చాలు, పళ్ళ మధ్య గుంటలు కనపడుతూ ఉండాలి. గుంటలు నిండితే ఎక్కువైనట్టు. మెయిన్ షాఫ్ట్‌కీ, జారుడు ముక్కకీ గ్రీజు పూత. బేరింగుకి సూది కొసతో ఒక్క చుక్క నూనె. వన్‌వే క్లచ్‌కి గ్రీజు ససేమిరా వద్దు, శుభ్రం చేశాక పల్చటి నూనె తడి తగిలిస్తే చాలు. సైకిల్, ఆటో షాపుల్లో దొరికే ఏపీ3 గ్రీజు రీల్‌కి చిక్కన ఎక్కువ, హ్యాండిల్ బరువెక్కుతుంది. లిథియం గ్రీజు పల్చటి రకం తీసుకోండి.

విప్పడం. పీహెచ్1 (చిన్న ప్లస్ తల) స్క్రూడ్రైవర్, రోటర్ నట్‌కి సరిపోయే స్పానర్, పట్టకారు, పాత టూత్ బ్రష్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఐస్ ట్రే. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ వీధుల్లో ఇవన్నీ ఒక్క చుట్టులో దొరుకుతాయి. పాడైన బేరింగ్ తీసుకెళితే దాని లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి అదే సైజు ఇచ్చే బేరింగ్ షాపులూ అక్కడే.

స్పూల్, హ్యాండిల్ తీయండి. రోటర్ నట్ మీద చిన్న లాక్ స్క్రూ ఉంటుంది, ముందు అది. అది తీయకుండా నట్ తిప్పితే దాని తల పోతుంది. నట్ కదలకపోతే బలం పెట్టకుండా రెండోవైపు ప్రయత్నించండి, కొన్నింటికి ఎడమ మరలు ఉంటాయి. రోటర్ పైకి లాగాక కింద వన్‌వే క్లచ్ కనపడుతుంది. దాని నడుమ ఉన్న స్టీలు గొట్టం బయటికి జారితే లోపలి రోలర్లు చెల్లాచెదరవుతాయి. కొత్తవాళ్ళు దాన్ని గొట్టంతో సహా ఒకే ముక్కగా తీసి పక్కన పెట్టండి, విడదీయకండి.

పక్క మూత స్క్రూలు ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద రీల్ బొమ్మ గీసి, ఏ స్క్రూ తీసింది ఆ చోట గుచ్చండి. పొడవాటి స్క్రూని పొట్టి రంధ్రంలో బిగిస్తే బాడీ పగులుతుంది. మూత తెరవగానే పెద్ద గేర్ వెనక, బేరింగ్ వెనక గ్రీజుకి అతుక్కుని కాగితమంత పల్చటి వాషర్లు ఉంటాయి. గేర్ల మధ్య ఎడం కుదిర్చేవి అవే. ఒక్కటి ట్రేలో కాక నేల మీద పడిందా, బిగించాక రీల్ గరగర తగ్గదు సరికదా పెరుగుతుంది.

బిగించేటప్పుడు స్క్రూని ముందు వెనక్కి తిప్పండి, పాత మరలో టక్కున పడ్డట్టు తెలుస్తుంది, అప్పుడు ముందుకి. రోటర్ ఎక్కించక ముందే హ్యాండిల్ పెట్టి తిప్పి చూడండి. బిగుతుగా ఉంటే అప్పుడే సరిచేయడం సులువు.

వారానికోసారి చెరువుకి వెళ్ళేవాళ్ళకి ఇలా పూర్తిగా విప్పడం ఏడాదికోసారి చాలు. లైన్ రోలర్ మాత్రం నెలకోసారి.

మియాపూర్_మీను

బేరింగ్‌కి రబ్బరు సీలు ఉంటే ఆల్కహాల్‌లో నానబెట్టొచ్చా?

రీల్‌బెంచ్

సీలు తీసి నానబెట్టండి. రబ్బరు సీలుని అంచు దగ్గర సూదితో లేపితే వచ్చేస్తుంది, లోహపు మూతైతే అంచున సన్న సి-క్లిప్ ఉంటుంది, దాన్ని సూదితో లేపండి, పైన వేలు అడ్డం పెట్టుకోండి లేకపోతే ఎగిరిపోతుంది. పది నిమిషాలు నానబెట్టి, చిన్న సీసాలో వేసి కుదిపి, పూర్తిగా ఆరాకే నూనె వేయాలి. ఆరకముందు వేగంగా తిప్పకండి, నూనె లేకుండా బంతులు గీసుకుంటాయి.

బేగంపేట_బెయిట్‌కాస్ట్

స్పిన్నింగ్ గురించి అంతా చెప్పారు. బెయిట్‌కాస్టర్ అనే ఇంకో రకం రీల్ కొన్నవాళ్ళకి నాలుగు మాటలు.

ఇందులో స్పూలే తిరుగుతుంది కాబట్టి ఆ రెండు స్పూల్ బేరింగుల శుభ్రతే సగం కథ. ఒక్కో చుక్క, అదీ చాలా పల్చటి నూనె. చిక్కటిది వేస్తే దూరం పడిపోతుంది. సెంట్రిఫ్యూగల్ బ్రేక్ ముక్కలు, అవి రాసుకునే రింగు పొడిగా ఉండాలి. అక్కడ నూనె పడితే బ్రేక్ పట్టదు, ప్రతి విసురుకీ లైన్ పిచ్చుక గూడులా చిక్కుపడుతుంది.

లైన్‌ని అటూ ఇటూ నడిపే లెవెల్‌వైండ్ బయటికి తెరుచుకుని ఉంటుంది, దుమ్మంతా అక్కడే. టూత్ బ్రష్‌తో పాత జిడ్డు తీసి మర మీద రెండు చుక్కల నూనె వేయండి. దాని అడుగున పావల్ అనే చిన్న ముక్క ఉంటుంది. లైన్ ఒక పక్కకే కుప్పపడుతుంటే అది అరిగిందని అర్థం. ఒక్క మూత విప్పి మార్చుకోవచ్చు.

సెట్టింగ్: స్పూల్ టెన్షన్ నాబ్‌ని, బటన్ నొక్కి వదిలినప్పుడు లూర్ నెమ్మదిగా దిగి, నేలకి తగలగానే స్పూల్ ఆగేంత బిగించండి. బ్రేక్ మొదట పూర్తిగా పెట్టి, చేయి కుదిరేకొద్దీ ఒక్కో మెట్టు తగ్గించండి. ఎదురుగాలిలో మళ్ళీ ఒకటి రెండు మెట్లు పెంచాలి.

చిక్కుపడితే సూది, కత్తెర తీయకండి. బొటనవేలు స్పూల్ మీద గట్టిగా అదిమి హ్యాండిల్ రెండు మూడు చుట్లు తిప్పి, వేలు తీసి లైన్ మెల్లగా లాగండి. అదిమినప్పుడు ఉచ్చులు చదునవుతాయి కాబట్టి చాలావరకు వచ్చేస్తుంది. ఆగిన చోట మళ్ళీ అదే.

కొర్రమట్ట_కూకట్‌పల్లి

బాస్ వీడియోల గురించి అడిగారు కదా. చాలావరకు మనకి పనికొస్తాయండీ. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికాది, మన చెరువుల్లో లేదు. కానీ అదీ కొర్రమీనులాగే ఆకుల కింద, నాచు అంచున పొంచి ఉండి కొడుతుంది, అందుకే కప్ప లూర్, లావు బ్రెయిడ్ రెండింటికీ ఒకటే. తేడా నోట్లో ఉంది. బాస్ పళ్ళు ఆకురాయిలా గరుకుగా ఉంటాయంతే. కొర్రమీనుకి కోరల్లాంటి పళ్ళున్నాయి. అక్కడ బ్రెయిడ్‌ని నేరుగా కప్పకి కట్టేస్తారు, ఇక్కడ ఒక అడుగు నుంచి రెండడుగుల లీడర్ (బ్రెయిడ్‌కీ లూర్‌కీ మధ్య కట్టే లైన్ ముక్క) కావాలి, 30 నుంచి 40 పౌండ్ల మోనో లేదా ఫ్లోరోకార్బన్. కప్ప నీటి పైన ఆడాలి కాబట్టి నేను మోనో వైపే. ఫ్లోరో మునుగుతుంది, మూతిని కిందికి లాగుతుంది.

మన చుట్టుపక్కల గుట్టలు, చెరువు గట్లు అంతా గ్రానైటు. రాతి అంచు మీద బిగిసి ఉన్న బ్రెయిడ్ ఒక్క రాపిడితో తెగుతుంది. ప్రతి నాలుగైదు విసుర్లకోసారి చివరి రెండు మీటర్లు తడి వేళ్ళ మధ్య లాగి చూడండి. నూగు తగిలినా, చదునుగా అనిపించినా, రంగు తెల్లబడి కనపడినా అక్కడికి కోసి మళ్ళీ ముడి వేయండి. గైడ్లూ చూడాలి. పత్తిని ఒక్కో రింగులోంచి తిప్పండి, పోగు పట్టుకుంటే అక్కడ పగులుంది. లైన్ తరచూ ఒకే దూరంలో తెగుతుంటే ముందు కొస రింగుని అనుమానించండి.

ముడులు: బ్రెయిడ్‌ని నేరుగా కట్టాల్సి వస్తే పాలొమార్. మోనోకి ఇంప్రూవ్డ్ క్లించ్, ఐదారు చుట్లు. బ్రెయిడ్, లీడర్ కలపడానికి మొదట డబుల్ యూని నేర్చుకోండి, బ్రెయిడ్ వైపు ఎనిమిది చుట్లు, లీడర్ వైపు ఐదు. ఎఫ్‌జీ ముడి ఇంకా సన్నం, గైడ్లలోంచి నున్నగా వెళుతుంది, కానీ గట్టు మీద గాలిలో వేయడానికి చేయి తిరగాలి. ఏ ముడైనా బిగించే ముందు తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి లైన్ అక్కడే బలహీనపడుతుంది, మోనోలో అయితే ముడి పక్కన చిన్న వంకీలు కనపడతాయి.

మోనో ఎండకి పాడవుతుంది, నీరు పీల్చుకుంటుంది, ఏడాదికి మార్చండి. బ్రెయిడ్ కొన్నేళ్ళు వస్తుంది. పై సగం రంగు వెలిసి నూగు లేచాక పారేయక్కర్లేదు, తిరగేసి చుట్టండి, అడుగున ఉన్న కొత్త లైన్ పైకొస్తుంది.

చెరువుగట్టు_సంగారెడ్డి

నీళ్ళ సంగతి ఎవ్వరూ చెప్పలే. ఇంటికొచ్చి బోరు నీళ్ళతోటి రీల్ కడిగితే ఆరినంక తెల్ల పొర మిగులుతది, లైన్ రోలర్‌ల, బెయిల్ కీలుల గట్టిపడతది. నల్లా నీళ్ళు మంచియి. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్ళు వాడకు, అవి ఇంకింత ఉప్పుగుంటయి.

మంచినీళ్ళ చెరువు కాబట్టి పైపు పట్టుడు అవసరమే లేదు. జోరుగ కొడితే మట్టి లోపలికే పోతది. డ్రాగ్ నాబ్ బిగించి, తడి గుడ్డతోటి తుడువు, పొడి గుడ్డతోటి మళ్ళొకసారి. నీడల ఆరబెట్టు. ఆరినంక డ్రాగ్ పూర్తిగ వదులు చెయ్యి, లేకుంటే వాషర్లు అణిగిపోయి డ్రాగ్ కుదుపు కుదుపుగ వదులుతది. ఏప్రిల్, మే నెలల కారు డిక్కీల రీల్ పెట్టి మర్చిపోవద్దు, మోనోకు స్పూల్ వంపు పట్టి స్ప్రింగు లెక్క అయితది, గ్రీజుల నూనె విడిపోయి కారుతది. డీట్ ఉన్న దోమల క్రీము చేతికి పూసుకుంటే లూర్ ముట్టకు, సాఫ్ట్ ప్లాస్టిక్ కరిగి అంటుకుంటది, రీల్ పెయింట్ కూడ లేస్తది.

మోడరేటర్

లైన్ మార్చేవాళ్ళందరికీ ఒక విన్నపం. తీసేసిన లైన్‌ని గట్టు మీద వదలొద్దు. సంక్రాంతికి చైనా మాంజా పక్షుల్ని ఏం చేస్తుందో ఊరంతా చూస్తున్నాం, బ్రెయిడూ అలాంటిదే, తేలిగ్గా కుళ్ళదు. జానెడు ముక్కలుగా కోసి, మూత ఉన్న సీసాలో వేసి ఇంటి చెత్తలో కలపండి. ఇంకోటి, చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల మత్స్య సహకార సంఘాలది, వాళ్ళని అడిగి గాలం వేయండి. మంజీర అభయారణ్యం హద్దుల్లో వద్దు, అక్కడ మొసళ్ళున్నాయి.

కొత్తగాలం_ఉప్పల్

60 మీటర్ల మోనో, 100 మీటర్ల బ్రెయిడ్ ఎక్కించాను, చుక్కలు ఇప్పుడు ఎడం కావడం లేదు. గరగర హ్యాండిల్ ఒక్క చుట్టుకి ఒక్కసారి, హ్యాండిల్ పక్క బేరింగ్. ఆల్కహాల్‌లో నానబెట్టాక పోయింది. ఒక్క సందేహం మిగిలింది: 30 పౌండ్ల లీడర్‌కి డ్రాగ్ ఎంత పెట్టాలి? తామరాకుల్లో అయితే పూర్తిగా బిగించమంటున్నారు.

రీల్‌బెంచ్

పూర్తిగా వద్దు. సెటప్‌లో బలహీనమైన చోటు లీడర్ ముడి, లెక్క దాన్ని బట్టే. 30 పౌండ్లంటే 13.6 కిలోలు. అందులో పావు వంతు, అంటే 3.4 కిలోలు మామూలు నీటికి. తామరాకుల్లో చేపని తల తిప్పనివ్వకూడదు కాబట్టి 4.5 కిలోల దాకా వెళ్ళొచ్చు. అంతకుమించితే లైన్ తెగక ముందే హుక్ విచ్చుకుంటుంది, లేదా భారం రాడ్ మీద పడుతుంది. సూట్‌కేసు తూచే డిజిటల్ తూకం కొక్కేనికి లీడర్ కట్టి, రాడ్‌ని 45 డిగ్రీలు ఎత్తి పట్టుకుని, ఇంకొకరిని తూకాన్ని నెమ్మదిగా లాగమనండి. డ్రాగ్ జారడం మొదలైన చోట అంకె చూడండి. మొదలయ్యేటప్పుడు 5 చూపించి జారుతుండగా 3కి పడిపోతుంటే వాషర్లు అతుక్కుంటున్నట్టు. స్పూల్ పైన తీగ క్లిప్ తీసి వాషర్లని ఒక దారానికి అదే వరసలో గుచ్చుకోండి. ఫెల్ట్ అయితే నూనె మరక లేకుండా తుడిచి డ్రాగ్ గ్రీజు పట్టించండి. కార్బన్ అయితే అదే గ్రీజు పల్చగా రాసి, వేలితో మిగులు తుడిచేయండి. చెవులున్న లోహపు వాషర్ స్పూల్ గాడిలో కూర్చుందో లేదో చూసుకుని మళ్ళీ తూకం వేయండి.